ఎడమకాలి పాఠం

జూన్ 11, 2025

సయ్యద్ అబ్దుల్ రహీమ్ కన్నుమూసి ఇవాళ్టికి 62 ఏళ్లు. పొద్దున్నే ఇంటికొచ్చిన పేపరుతో పాటు శాలిబండ చౌరస్తాలో ఉర్దూ పేపర్లు కూడా కొని వెతికాను. ఎక్కడా ఆ పేరు కనపడలేదు.

పాత హైదరాబాదీలు ఇప్పటికీ రహీమ్ సాబ్ అనే అంటారు. 1909లో ఈ ఊళ్లోనే పుట్టారు. 1950 నుంచి కడదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, భారత ఫుట్‌బాల్ జట్టుకూ కోచ్. ఆయన హయాంలో మనకు ఏషియాడ్ ఫుట్‌బాల్ స్వర్ణం రెండుసార్లు వచ్చింది, 1951లో ఒకటి, 1962లో ఒకటి. మధ్యలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన పోయాక ఆ స్వర్ణమూ మళ్లీ రాలేదు, ఆ స్థానమూ రాలేదు.

రేపు బడులు తెరుస్తారు. చార్మినార్ దాకా నోటుపుస్తకాల దుకాణాల ముందు తల్లులూ పిల్లలూ కిక్కిరిసి ఉన్నారు. రహీమ్ సాబ్ బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బడులు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. ఆట వచ్చినవాళ్లు ఊరినిండా ఉంటారు. తనకు వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రావడం లేదో పట్టుకోగలవాడే కోచ్ అవుతాడు. ఆ నేర్పు తరగతి గదిలో వెనక బెంచీ పిల్లల ముఖాలు చదివితే వస్తుంది.

జూన్ 15

ఆటగాడిగా రహీమ్ సాబ్ సంగతి చెప్పాలంటే కొంచెమే ఉంది. ఉస్మానియాలో చదువుకునేటప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తర్వాత కమర్ క్లబ్బుకు. దేశం తరఫున ఎప్పుడూ ఆడలేదు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, చివరిదాకా ఆ పని వదల్లేదు. అంటే పొద్దున బడి, సాయంత్రం మైదానం, రాత్రి సంఘం ఉత్తరాలు, లెక్కలు.

1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. పోలీసు చర్య జరిగి రెండేళ్లే అయింది. ఊరు ఇంకా తేరుకోలేదు. నిజాం కొలువు పోయి జీతాలు పోయిన ఇళ్లు పాతబస్తీలో వీధికొకటి. అలాంటి రోజుల్లో మన కానిస్టేబుళ్లు ఢిల్లీ వెళ్లి మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు పట్టుకొచ్చారు. డ్యూరాండ్ 1888లో మొదలైన టోర్నీ, బొంబాయి రోవర్స్ కప్పు 1891 నాటిది. రెండూ తెల్ల పటాలాల కోసం పెట్టినవే. ఆ రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ పోలీసులే గెలిచారు. పేరుమోసిన పెద్ద క్లబ్బులు దగ్గర పడలేకపోయాయి. ఒక ఏడాది అదృష్టం అనుకోవచ్చు. ఐదేళ్లు వరసగా అంటే దాని వెనక ఒక బుర్ర పనిచేస్తోందన్నమాటే.

జూన్ 22

సాయంత్రం బార్కస్ వెళ్లాను. నిజాం ఫౌజులో చేరడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండే పేట. జాంపండ్లకు, రంజాన్ నెలలో హరీస్‌కు ఎంత పేరో ఫుట్‌బాల్‌కూ అంత పేరు. పొద్దున కురిసిన వాననీళ్లు గోలు ముందు ఇంకా మడుగు కట్టి ఉన్నాయి.

పన్నెండు పదమూడేళ్ల పిల్లలు ఆడుతున్నారు. నేర్పేది యాభై దాటిన మనిషి. అందరినీ గోడ దగ్గరికి పిలిచి కుడికాలి బూట్లు విప్పించాడు. గోడ వారన కుడి బూట్ల వరస. కొన్నిటికి లేసులు లేవు, సుతిలి తాడు కట్టి ఉంది. ఒకదానికి ముందు అట్ట ఊడితే సైకిల్ ట్యూబు ముక్క అతికించారు. ఇక ఎడమకాలికి ఒక్క బూటుతో ఆట. ఉత్త కాలితో తంతే వేళ్లు వాస్తాయి కాబట్టి కుడికాలు ఎవడూ లేపడు. ఒక బక్కపిల్లాడి దగ్గరికి బంతి కుడివైపు నుంచి వచ్చింది. అలవాటుకొద్దీ కుడికాలు లేచింది, గాల్లోనే ఆగిపోయింది. వాడు ఒక గెంతు గెంతి, ఒళ్లంతా తిప్పుకుని, ఎడమ పాదం లోపలివైపుతో బంతిని పక్కవాడికి నెట్టాడు. బంతి వంకరగానే పోయింది కానీ పోవలసిన చోటికే పోయింది. "శభాష్ బేటా, ఫిర్ సే" అన్నాడు కోచ్.

రహీమ్ సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలని నిబంధన పెట్టి ఏకంగా టోర్నీలే నడిపేవారు. బంతి రాగానే ఆపుకోకుండా ఒక్క తాకుడుతో వదిలేయాలన్నది ఇంకో కట్టడి. ఇది ఎక్కడ నేర్చుకున్నారు భాయ్ అని అడిగితే బార్కస్ కోచ్ తన ఉస్తాద్ చేయించేవాడన్నాడు, ఆ ఉస్తాద్‌కు వాళ్ల ఉస్తాద్. అంతకుముందు ఎవరో ఆయనకు తెలీదు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లల్ని పిలిచి, "యే సాబ్ బోల్‌రే సో సునో" అని నన్ను వాళ్ల ముందు నిలబెట్టాడు.

జూన్ 29

అక్క కొడుకు గచ్చిబౌలి కొలనులో ఈత నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు వాటర్ పోలో మీద పడింది వాడి మనసు. "మామా, నీళ్లల్ల ఫుట్‌బాల్ లెక్కనే ఉంటది, కాళ్లు మాత్రం నేల తాకొద్దు" అన్నాడు. ఒక్కో జట్టుకు ఏడుగురు. ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని రెండు చేతులతో పట్టకూడదు. ఒక చేత్తోనే పట్టాలి, ఒక చేత్తోనే విసరాలి, కింద కాళ్లు ఆగకుండా తొక్కుతూనే ఉండాలి.

వింటుంటే బార్కస్ గోడ వారన ఉన్న బూట్లు గుర్తొచ్చాయి. ఒక చెయ్యి కట్టేస్తే రెండో చేతికి తెలివి వస్తుంది. ఆ ఆటను కనిపెట్టినవాళ్లు నిబంధనలోనే పెట్టినదాన్ని రహీమ్ సాబ్ తన అభ్యాసంలో తెచ్చిపెట్టుకున్నారు.

వాడికి ఇంకో సంగతి చెప్పాను. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియాడ్‌లో ఇండియాకు ఫుట్‌బాల్ స్వర్ణంతో పాటు వాటర్ పోలో స్వర్ణమూ వచ్చింది. ఫుట్‌బాల్ ఫైనల్‌లో ఇరాన్ మీద మేవాలాల్ ఒకే ఒక గోలు కొట్టాడు. నీళ్లలో బెంగాలీ ఈతగాడు సచిన్ నాగ్. ఆయన అదే పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ కూడా గెలిచాడు. ఏషియాడ్ ఈతలో మన దేశానికి ఇప్పటికీ అదొక్కటే స్వర్ణం. ఆయనకు ధ్యాన్‌చంద్ అవార్డు 2020లో వచ్చింది, పోయిన చాలా ఏళ్లకు. వాడు విని "మన దగ్గర వాటర్ పోలో ఎవరు నేర్పుతరు మామా?" అన్నాడు. ఆడిన వాళ్లు నేర్పడానికి వచ్చినప్పుడే ఒక ఆట ఒక ఊళ్లో నిలబడుతుంది. ఫుట్‌బాల్‌కు మన ఊళ్లో ఆ మనిషి దొరికాడు.

జూలై 6

మొహర్రం పదో రోజు. ఏనుగు మీద బీబీ కా ఆలం డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా. దారులన్నీ మూసేశారు. ఇవాళ మైదానాల్లో ఆట లేదు.

జూలై 9

1952 హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10–1. చలిదేశం, జారే గడ్డి, మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. కోచ్ రహీమ్ సాబే. అంతటి ఓటమి తర్వాత ఇక్కడైతే మనిషి పని అయిపోయిందనుకుంటారు. ఆయన మాత్రం లెక్క సరిచూసుకున్నట్టు ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1953 నవంబరులో హంగరీ వాళ్లు వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో ఓడించిన తీరు ప్రపంచమంతా చెప్పుకుంది. సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి జారి ఆడటం ఆ తీరులో కీలకం. మన జట్టు ఆటలోకి ఆ ఆలోచనను తెచ్చింది రహీమ్ సాబే. దేశం దాటి చదువుకున్న కోచింగ్ కోర్సులు ఆయనకు లేవు.

జూలై 13

మెల్‌బోర్న్ 1956 పేజీలు చదువుతూ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. హంగరీ తప్పుకోవడంతో మనకు క్వార్టర్ ఫైనల్ నేరుగా దొరికింది. డిసెంబరు 1న ఆస్ట్రేలియా మీద 4–2. నెవిల్ డిసౌజా మూడు గోల్సు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. మొదటి గోలు మనదే, అదీ నెవిల్‌దే. చివరికి 4–1తో ఓడాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3–0తో ఓడించింది.

అదే యుగోస్లావియా నాలుగేళ్ల కిందట పది గోల్సు కొట్టింది. రహీమ్ సాబ్ పనితనం కొలవాలంటే పతకాలకన్నా ఈ రెండు స్కోర్ల మధ్య తేడా చూస్తే చాలు.

ఆ జట్టులో మన ఊరివాళ్లు చాలామంది. పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్. బలరామ్ సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పెరిగినవాడు. ఫతే మైదాన్‌కు రోజూ రావడానికి డబ్బుల్లేవంటే రహీమ్ సాబ్ సైకిలు అద్దెకు రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. మనదేశం కన్న గొప్ప ఫార్వర్డుల్లో ఒకడు ఆ రూపాయి సైకిలు మీద వచ్చాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

జూలై 20

లాల్‌దర్వాజా బోనాలు. సందంతా వేపాకు, పసుపు వాసన, పోతరాజుల చర్నాకోలలు. బోనం ఎత్తుకున్న ఆడపడుచుల వెనక వాళ్ల చిన్నపిల్లలు ఖాళీ కొబ్బరి చిప్పను తన్నుకుంటూ పోతున్నారు. మా పక్కింటి తాత గడప మీద కూర్చుని చూస్తూ, "మా దినాలల్ల గీ గల్లీ ఆఖరున్న జాగంత ఆటకే ఉండె బిడ్డా, లాల్‌దర్వాజా పోరగాండ్లు ఒక దిక్కు, మొగల్‌పురా పోరగాండ్లు ఒక దిక్కు" అన్నాడు. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల ఇళ్లు.

జూలై 27

చిన్న మైదానం ఒకటి, పేరు రాయను. మొన్న రాత్రి అక్కడ దావత్ అయింది. ఇవాళ పొద్దున చూస్తే శామియానా గుంజలు పాతిన గుంతలు అలాగే వదిలేశారు. ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ ఎముకలు, ఒకచోట పగిలిన సోడా సీసా. పిల్లలు ముందు గాజుపెంకులు ఏరారు, తర్వాత గుంతల్లో మట్టి నింపి కాళ్లతో తొక్కారు, ఆ తర్వాత బంతి తీశారు. ఆటకు మిగిలింది అరగంట.

పాతబస్తీలో పెళ్లికి స్థలం కావాలి, నేను కాదనను. కానీ గుంతలు తీసినవాళ్లే పూడ్చాలని ఒక్క షరతు రాసిపెడితే ఎంత ఖర్చు? ఫుట్‌బాల్ ఎందుకు పోయిందని సభల్లో మాట్లాడేవాళ్లు క్రికెట్‌ను తిడతారు. హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58ల్లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆంధ్రప్రదేశ్ 1965–66లో గెలిచింది. ఆ గెలుపులన్నీ నడిచిపోయే దూరంలో ఉన్న నేల మీద తయారయ్యాయి. నేల పోయాక ఏ ఆటను తిట్టినా లాభం లేదు.

ఆగస్టు 1

భారత జట్టుకు ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా ప్రకటించారు. పదమూడేళ్ల తర్వాత మళ్లీ మన దేశపు మనిషి. ఆటగాడిగా ఉండి కోచ్ అయినవాడు. ఐజ్వాల్ లాంటి చిన్న జట్టును 2017లో ఐ-లీగ్ విజేతగా నిలబెట్టినవాడు. పొద్దుటి నుంచి సంతోషంగా ఉంది.

ఈ వార్త చదువుతుంటే సయ్యద్ నయీముద్దీన్ గుర్తొచ్చారు. ఆయనా హైదరాబాదే. డిఫెండరు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కెప్టెన్‌గా కంచు పతకం తెచ్చారు, ఆ ఏడాదే అర్జున. తర్వాత కోచ్. 1990లో ద్రోణాచార్య. 1997లో, మళ్లీ 2005లో దక్షిణాసియా కప్పు గెలిచిన భారత జట్లు ఆయన చేతి కింద ఆడినవే. తిండి, నిద్ర, వేళ అన్నిట్లో కఠినమైన మనిషి అని పేరు. ఆ కాఠిన్యం నచ్చనివాళ్లు కలకత్తాలోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. వేళకు రానివాడిని జట్టులోకి తీసుకోకపోవడం కోచ్ పనిలో మొదటి అక్షరం అని నా అభిప్రాయం.

ఆగస్టు 15

మహమ్మద్ హబీబ్ పోయి రెండేళ్లు. కలకత్తా జనం బడే మియాఁ అని పిలుచుకున్న మన హైదరాబాదీ. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2తో సమం చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. ఆ రోజు మోహన్ బగాన్ కోచ్ పీకే బెనర్జీ. పీకే ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? రహీమ్ సాబ్ దగ్గర. ఆట వదిలాక హబీబ్ జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకు నేర్పాడు.

ఇక్కడ బడిపంతులు నేర్పింది జల్పాయిగురిలో పుట్టిన పీకేకు అందింది, పీకే దగ్గర నుంచి మళ్లీ హైదరాబాద్ పిల్లవాడికి అందింది, వాడు దాన్ని జంషెడ్‌పూర్‌లో పిల్లలకు అందించాడు. ఈ వరసలో ఎవరికీ ఇంకొకరితో చుట్టరికం లేదు. ఇంత దూరం నడిచిన గురుపరంపర మన ఆటల్లో ఇంకోటి నాకు కనపడలేదు.

ఆగస్టు 17

రహీమ్ సాబ్ పుట్టినరోజు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కథ రాసుకోవాలి. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో హకీమ్ ఉన్నాడు. కోచ్ తండ్రే. ఫ్రాన్స్‌తో 1–1, హంగరీతో 1–2, పెరూతో 1–3. మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదాంట్లోనూ హకీమ్ మైదానంలోకి దిగలేదు. సిఫారసుల లోకంలో ఉన్నవాళ్లం, ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

హకీమ్ తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు. ఫిఫా రిఫరీ అయ్యాడు. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో పీకేకు సహాయ కోచ్. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు. 2021 ఆగస్టులో పోయాడు. ఆట, ఈల, పాఠం మూడూ ఒకే జీవితంలో.

ఆగస్టు 30

నిన్న తజికిస్తాన్‌ను వాళ్ల సొంతగడ్డ మీదే 2–1తో ఓడించాం. ఖాలిద్ జమీల్ మొదటి మ్యాచ్. మొగల్‌పురా హోటల్లో టీవీలో క్రికెట్టే నడుస్తోంది. చాయ్ తాగుతున్న కుర్రాడొకడు ఫోనులో గోలు చూపించాడు, నలుగురం తల ఆనించి చూశాం.

సెప్టెంబరు 4

1962లో ఇదే రోజు జకార్తా ఫైనల్. సెనాయన్ స్టేడియంలో లక్షమంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ పోటీలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టాడని ఊరంతా మన మీద కోపంగా ఉంది. జాతీయగీతానికి కూడా ఈలలు వేశారు. ఆ గుంపులో మనకోసం కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మనవాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

ఎదుట దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించిన జట్టే. రహీమ్ సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరింది. తంగరాజ్‌కు జ్వరం తగిలింది. ఫైనల్‌కు ఎత్తు కావాలని ఆయన్నే గోలులో నిలబెట్టారు. జర్నైల్ సింగ్ డిఫెండరు, తల పగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు పెట్టారు. పీకే మొదటి గోలు కొట్టాడు. కాసేపటికి కుట్లున్న జర్నైల్ రెండోది కొట్టాడు. కొరియా వాళ్లు చివర్లో ఒకటి కొట్టారు. 2–1. ఆ రోజు ఆడినవాళ్లలో తంగరాజ్‌తో పాటు బలరామ్, యూసుఫ్ ఖాన్ కూడా మన ఊరివాళ్లే.

తాను జబ్బుతో ఉండి కూడా, కుట్లు పడిన మనిషిని, జ్వరం మనిషిని కలిపి ఎవరిని ఎక్కడ పెడితే ఎవరి బలం బయటికి వస్తుందో చూసిన మనిషి ఆయన. అదీ బడిపంతులు విద్యే. తొమ్మిది నెలల తర్వాత పోయారు. 2024లో అజయ్ దేవగణ్‌తో మైదాన్ సినిమా వచ్చింది, చూశాను, బాగుంది. కానీ ఎడమకాలి టోర్నీలు పెట్టిన పంతులు సినిమాలో పట్టడు.

ఇవాళ ఖాలిద్ జమీల్ జట్టు అఫ్గానిస్తాన్‌తో 0–0.

సెప్టెంబరు 9

నిన్న ఒమన్ మీద పెనాల్టీల్లో గెలిచి ఖాలిద్ జమీల్ జట్టుకు ఆ టోర్నీలో మూడో స్థానం. మంచి ఆరంభం.

సాయంత్రం మళ్లీ బార్కస్. జూన్‌లో చూసిన బక్కపిల్లాడు ఇప్పుడు ఎడమకాలితో కార్నర్ తంతున్నాడు. కోచ్ ఒక ఫొటో తెచ్చి చూపించాడు. వాళ్ల ఉస్తాద్ దగ్గర ఉండేదట. నలుపు తెలుపు, అంచులు చెదలు తిన్నాయి. పదకొండు మంది, ముందు నేల మీద లేసుల తోలుబంతి. వెనక ఏమీ రాసి లేదు. నలుగురి పేర్లు కోచ్‌కు తెలుసు. మిగతా ఏడుగురు ఎవరో చెప్పేవాళ్లు ఆ పేటలో ఇక లేరు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా పోలీసు లైన్ల తాతయ్యదో, రైల్వే మామయ్యదో అలాంటి జట్టు ఫొటో ఉండొచ్చు. పెద్దవాళ్లు గుర్తుపట్టగలిగినప్పుడే అడగండి. వెనక పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఏ ఏడాదో, ఏ మైదానమో రాసిపెట్టండి. నేర్పిన మనిషి పేరు తెలిస్తే అది ముందు రాయండి.